ఆఫీసు కంటే ముందు ఇల్లు తేదీలు రాసుకోవాలి: సాఫ్ట్‌వేర్ కుటుంబానికి ఒక ఏడాది ప్రణాళిక

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో రిలీజ్ తేదీ, అంటే కొత్త వెర్షన్ బయటికి ఇచ్చే రోజు, నెలల ముందే ఖరారవుతుంది. ఆన్‌కాల్ రోటా, అంటే ఏ వేళ సమస్య వచ్చినా పలకాల్సిన వంతుల పట్టిక, అందరి క్యాలెండర్లలోనూ ఉంటుంది. క్లయింట్ మీటింగ్ ఉంటే రెండు వారాల ముందే కబురు వస్తుంది. ఇంటి సంగతి చూడండి. ఊళ్లో అమ్మానాన్నల దగ్గరికి వెళ్లడం "వీలు చూసుకుని". పిల్లలతో ప్రయాణం "ఈ ప్రాజెక్టు అయ్యాక". మూలన పెట్టిన వీణ "ఎప్పుడో ఒకప్పుడు". తేదీ ఉన్న పనికీ, తేదీ లేని పనికీ పోటీ వస్తే ఏది గెలుస్తుందో చెప్పనక్కర్లేదు. ఇంటి మీద ప్రేమ ఎంత ఉన్నా, తేదీ లేని పని వెనక్కి జరుగుతూనే ఉంటుంది.

అందుకే ఇక్కడ చెప్పేదంతా ఒక్క పని చుట్టూ తిరుగుతుంది: ఇంటి తేదీలను ఆఫీసు తేదీల కంటే ముందు రాయడం. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఐటీ ఉద్యోగం చేస్తూ, బడికి వెళ్లే పిల్లలు, ఊళ్లో పెద్దవాళ్లు ఉన్న ఇంటిని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. అమెరికాలో ఉన్నవాళ్లకు పనికొచ్చే మాటలు కూడా అక్కడక్కడా ఉంటాయి.

మొదటి అడుగు: ఒక వారం ఉన్నదున్నట్టు రాయండి

ప్రణాళిక వేసే ముందు ఒక మామూలు వారం ఎలా గడుస్తోందో చూసుకోవాలి. యాప్ అక్కర్లేదు, ఫ్రిజ్ మీద అతికించిన కాగితం చాలు. ఎన్నింటికి లేచారు, ఆఫీసుకి వెళ్లిరావడానికి ఎంత పట్టింది, రాత్రి కాల్స్ ఎన్నింటికి ముగిశాయి, పిల్లలతో కూర్చుని తిన్న భోజనాలు ఎన్ని. భార్యాభర్తలిద్దరూ విడివిడిగా రాయండి. ఆదివారం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదవండి. తప్పొప్పులు ఎంచడానికి కాదు, ఏ రోజు ఏ గంట నిజంగా మీ చేతిలో ఉందో తెలుసుకోవడానికి. చాలా ఇళ్లలో తేలేది ఒకటే: పనిరోజుల్లో ఉదయం ఒక అరగంట, శనివారం ఒక పూట, ఆదివారం ఒక పూట మాత్రమే స్థిరంగా దొరుకుతాయి. మిగతావన్నీ దొరికితే దొరికినట్టు. ప్రణాళిక ఆ స్థిరమైన గంటల మీదే వేయాలి.

రెండో అడుగు: ఏడాది కాగితం

డిసెంబరు చివర్లో గానీ జనవరి మొదట్లో గానీ రెండు గంటలు పెట్టుకోండి. నాలుగు వస్తువులు దగ్గర ఉంచుకోండి: కంపెనీ సెలవుల జాబితా, స్కూలు ఇచ్చిన క్యాలెండర్, పంచాంగం, పన్నెండు నెలలూ ఒకే చోట కనిపించే పెద్ద కాగితం. ఫోన్‌లోకి తర్వాత ఎక్కించవచ్చు. ముందు కాగితం మీదే వేయండి. పిల్లలకూ పెద్దవాళ్లకూ కనిపించేది గోడ మీద ఉన్న కాగితమే.

రాసే వరుస ముఖ్యం. మొదట కదలని ఇంటి తేదీలు. వీటిలో ఐటీ క్యాలెండర్‌కు అసలు తెలియనివి కొన్ని ఉంటాయి. నాన్నమ్మ తద్దినం తిథి ప్రకారం వస్తుంది కాబట్టి ఏటా తేదీ మారుతుంది. ఫోన్‌లో "ప్రతి ఏడాదీ ఇదే రోజు" అని పెట్టుకుంటే పనికిరాదు, పంచాంగం చూసి ఏటా కొత్తగా రాసుకోవాల్సిందే. ఊరి జాతర, ఉగాది కూడా అంతే. సంక్రాంతి ఒక్కటే జనవరి 14, 15 ప్రాంతంలో నిలకడగా ఉంటుంది.

రెండోది పిల్లల తేదీలు: పరీక్షలు, యాన్యువల్ డే, పేరెంట్స్ మీటింగులు, దసరా సెలవులు, వేసవి సెలవులు. తెలుగు రాష్ట్రాల్లో వేసవి సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం వరకూ నడుస్తాయి. అంటే దాదాపు ఏడు వారాలు పిల్లలు ఇంట్లో, మీరు ఆఫీసులో. ఆ ఏడు వారాల్లో ఎవరు ఎప్పుడు సెలవు పెడతారో, పిల్లలు అమ్మమ్మ ఊళ్లో ఎన్నాళ్లుంటారో జనవరిలోనే మాట్లాడుకుంటే మే నెలలో గొడవలుండవు.

మూడోది పెద్దవాళ్ల ఆరోగ్యం. ఏడాదికి రెండుసార్లు కంటి పరీక్ష, షుగరు, బీపీ, గుండె డాక్టరు దగ్గరికి వెళ్లే రోజులను మీ లీవులోంచే ముందుగా తీసి పెట్టండి. దీన్ని అత్యవసరాల ఖాతాలో వేయకండి. ముందే తెలిసిన పనికి ముందే తేదీ ఉండాలి.

నాలుగోది ప్రయాణాలు. ఒకటి పెద్దది, ఐదారు రోజులది. రెండు మూడు చిన్నవి, రెండు రోజులవి. అంతకు మించి రాయవద్దనే నా సలహా. దొరికిన ప్రతి లాంగ్ వీకెండ్‌నూ ప్రయాణంతో నింపే ఇళ్లలో ఆదివారం రాత్రి ఉతకాల్సిన బట్టల మూటలు, సోమవారం నిద్రమొహాలు మిగులుతాయి. కొన్ని సెలవుల్ని ఖాళీగా ఉంచి, కాగితం మీద "ఇంట్లోనే" అని రాయండి. ఖాళీ కూడా రాసి ఉంటేనే నిలుస్తుంది.

చివరికి లీవుల లెక్క. మీకున్న మొత్తం లీవుల్లో నాలుగో వంతు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. జ్వరాలు, ఊళ్లో అవసరాలు, చెప్పకుండా వచ్చేవాటికి అది. మిగతా మూడు వంతులే ఈ కాగితం మీద పంచాలి.

మూడో అడుగు: గుర్తుపెట్టుకునే పనిని కూడా పంచుకోండి

ఇల్లు నడవడంలో చేసే పని ఒకటి, గుర్తుపెట్టుకునే పని ఇంకొకటి. కూరలు తేవడం చేసే పని. కూరలు అయిపోయాయని గమనించడం, రేపు క్యారేజీలోకి ఏం చేయాలో ఆలోచించడం, పాపకు టీకా ఎప్పుడో, పనమ్మాయికి జీతం ఎప్పుడో, గ్యాస్ ఎప్పుడు బుక్ చేయాలో తలలో మోయడం గుర్తుపెట్టుకునే పని. ఇద్దరూ ఉద్యోగం చేసే తెలుగు ఇళ్లలో మొదటిదాన్ని పంచుకునే భర్తలు బాగానే పెరిగారు. రెండోది ఇప్పటికీ ఎక్కువగా ఆడవాళ్ల తలమీదే ఉంది. "ఏం చేయాలో చెప్పు, చేస్తాను" అనడంలో మంచి మనసుంది. కానీ ఏం చేయాలో చెప్పే భారం మళ్లీ ఆమెదే అవుతోంది. రోజంతా కోడ్ రివ్యూలు చేసి ఇంటికొచ్చిన మనిషికి ఇంకో టీమ్‌కి లీడ్‌గా ఉండే ఓపిక ఎక్కడినుంచి వస్తుంది?

దీనికి మందు, పనుల్ని ముక్కలుగా కాక విభాగాలుగా పంచడం. ఒక విభాగం ఒకరిదంటే గమనించడం, తేదీ పెట్టడం, చేయడం, చేయించడం, మొదలు నుంచి చివరి దాకా వాళ్లదే. ఉదాహరణకు స్కూలు మొత్తం నాన్నది: ఫీజు, వాట్సాప్ గ్రూపు, యూనిఫారం, ప్రాజెక్టుకు కావలసిన అట్టముక్కలు, అన్నీ. పెద్దవాళ్ల వైద్యం మొత్తం అమ్మది, లేదా అటూ ఇటూ. వంటింటి సరుకులు ఒకరివి, వంట ఇంకొకరిది అయితే సరుకుల జాబితా ఎవరు రాస్తారో కూడా తేల్చండి. మూడు నెలలకోసారి విభాగాలు మార్చుకుంటే అవతలి పని బరువు ఇద్దరికీ తెలుస్తుంది.

ఎవరి విభాగంలో వాళ్లు చేసే పద్ధతిని అవతలివాళ్లు సరిదిద్దకపోవడం కూడా ఇందులో భాగమే. నాన్న వేసిన జడ కొంచెం వంకరగా ఉంటే ఉండనివ్వండి.

అత్తమామలో, అమ్మానాన్నలో ఇంట్లో ఉంటే పిల్లల్ని చూసుకోవడం వాళ్ల విధి అన్నట్టు వదిలేయకండి. "అత్తయ్యా, మంగళ, గురువారాలు సాయంత్రం మాకు కాల్స్ ఉంటాయి, ఆ రెండు రోజులు బాబును చూసుకోగలరా? శనివారం మాత్రం మీకు పూర్తిగా తీరిక" అని అడిగి, ఆ శనివారాన్ని నిజంగా వాళ్లకు వదలండి. గుడికో, ఫ్రెండ్స్ దగ్గరికో, నిద్రకో.

నాలుగో అడుగు: ఆఫీసులో ముందే చెప్పండి, ఏర్పాటుతో చెప్పండి

ఏడాది కాగితం తయారైన వారంలోనే ముఖ్యమైన లీవులను సిస్టమ్‌లో పెట్టేయండి. మేనేజర్‌కు చెప్పేటప్పుడు కారణం కంటే ఏర్పాటు ఎక్కువ పనిచేస్తుంది. "మే 18 నుంచి 22 వరకూ లీవులో ఉంటాను. ఆ వారం నా మాడ్యూల్ చూసే మనిషితో మాట్లాడాను. 15న అప్పగింత నోట్ ఇస్తాను, ఏది ఆగినా ఫలానావారిని పిలవవచ్చు." ఇలా వచ్చిన లీవును కాదనడం ఎవరికైనా కష్టం. మూడు రోజుల ముందు సంజాయిషీ ఇస్తూ అడిగిన లీవును కాదనడం చాలా తేలిక.

ఆన్‌కాల్ వారాలను మార్చుకోవడంలోనూ ముందుచూపు కావాలి. హైదరాబాద్ టీముల్లో సంక్రాంతి వారం అందరికీ కావాలి. తమిళ సహోద్యోగులకు అదే వారం పొంగల్. అందుకని మార్పిడి కోసం మలయాళీలను, ఉత్తరాదివాళ్లను అక్టోబరులోనే అడగండి. ఓణం వారం, హోళీ వారం, ఛఠ్ వారం మీరు తీసుకుంటామనండి. అమెరికా క్లయింట్లున్న చాలా టీముల్లో డిసెంబరు చివరి వారం కోడ్ ఫ్రీజ్ ఉంటుంది, అంటే కోడ్‌లో కొత్త మార్పులు ఆపేస్తారు, ఆన్‌కాల్ కాస్త తేలిగ్గా నడుస్తుంది. ఆ వారం మీరు తీసుకుని సంక్రాంతిని విడిపించుకోవడం మంచి బేరం.

లీవులో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లాలా? వద్దనే నా గట్టి అభిప్రాయం. ల్యాప్‌టాప్ బ్యాగులో ఉందని టీమ్‌కు తెలిస్తే చాలు, పిలుపు వస్తుంది. నిజంగా తప్పనిసరి పదవిలో ఉంటే "రోజూ ఉదయం 8 నుంచి 8.30 వరకూ మెసేజీలు చూస్తాను" అని ఒక అరగంట ప్రకటించండి. ఆ అరగంటలోనే ఉండండి.

ఐదో అడుగు: రాత్రి కాల్స్‌కు గట్టు వేయండి

మన సాయంత్రాలను అసలు తినేసేది గడియారం తేడా. భారత్‌లో ఏడాదంతా ఒకే సమయం. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుగుతుంది. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే వేసవిలో మనకు సాయంత్రం 6.30, చలికాలంలో 7.30. కాలిఫోర్నియాలో ఉదయం 9 అంటే వేసవిలో మనకు రాత్రి 9.30, చలికాలంలో 10.30. అంటే నవంబరులో ఎవరూ నిర్ణయం తీసుకోకుండానే మీ కాల్ ఒక గంట మీ నిద్రలోకి జరిగిపోతుంది. మార్చి వరకూ, నాలుగు నెలలు, అలాగే ఉంటుంది.

కాబట్టి అక్టోబరు చివర్లోనే టీమ్‌లో ఈ మాట ఎత్తండి: "నవంబరు నుంచి కాల్‌ను కాలిఫోర్నియా టైము ప్రకారం ఒక గంట ముందే పెట్టుకుందామా? ఉదయం 8కి పెట్టుకుంటే మాకు రాత్రి 9.30కే ఉంటుంది." అవతలివాళ్లకు మన గడియారం కదలదన్న సంగతే చాలాసార్లు తెలియదు. చెబితే ఒప్పుకునేవాళ్లే ఎక్కువ.

రోజువారీ కాల్‌ను వారంలో రెండు రోజులు రాతపూర్వక అప్‌డేట్‌గా మార్చమని కూడా అడగవచ్చు. వారానికి కనీసం రెండు సాయంత్రాలు 7 నుంచి 9 వరకూ క్యాలెండర్‌లో "బిజీ" అని గడి కట్టి పెట్టండి. ఆ రెండు గంటల్లో భోజనం, పిల్లల కబుర్లు, పెద్దవాళ్లకు ఫోను. భోజనాల బల్ల మీద ఫోన్లు లేకపోవడం పెద్దలకు మొదలై పిల్లలకు రావాలి. తిరగేస్తే నిలవదు.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఇదే తేడా ఒక వరం కూడా. డాలస్‌లో శనివారం రాత్రి 8.30 అంటే వేసవిలో ఇక్కడ ఆదివారం ఉదయం 7. అటు పిల్లలు పడుకోబోయే ముందు, ఇటు తాతయ్య కాఫీ తాగుతూ ఉన్నప్పుడు. ఆ ఒక్క గంటను వారం వారం అదే వేళకు ఉంచితే, ఊరికే "ఎలా ఉన్నావు, తిన్నావా" దాటి మాటలు ముందుకు సాగుతాయి. తాతయ్య ఒక కథ సగంలో ఆపి వచ్చే వారం చెబుతాననవచ్చు.

ఆరో అడుగు: అభిరుచిని రెండుగా విడదీయండి

ఇంట్లో ప్రతి పెద్ద మనిషికీ రెండు రకాల అభిరుచులుండాలని నమ్ముతాను. ఒకటి తనకు మాత్రమే చెందింది. ఇంకొకటి అందరూ కలిసి చేసేది. రెండింటినీ కలిపేస్తే మొదటిది చచ్చిపోతుంది. సంగీతం నేర్చుకునే అమ్మ పక్కన పిల్లాడు హోంవర్కు పుస్తకంతో కూర్చుంటే అది ఆమె సాధన సమయం కాదు.

సొంత అభిరుచికి రోజూ ఇరవై, ముప్పై నిమిషాలు చాలు. కానీ వేళ మారకూడదు, వస్తువు ఎదురుగా ఉండాలి. కీబోర్డు అటక మీద ఉంటే దించడానికే ఓపిక అయిపోతుంది. హాల్లో స్టాండు మీద ఉంటే కూర్చుంటారు. చదివేవాళ్లయితే పుస్తకం మంచం పక్కన, ఫోన్ ఛార్జరు వేరే గదిలో. నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్లేవాళ్లకు ఆ ప్రయాణమే చదువుకునే గది. కారు నడిపేవాళ్లకు పాటలు, ఆడియో పుస్తకాలు, పురాణ ప్రవచనాలు ఉన్నాయి.

కొత్తగా ఏం మొదలుపెట్టాలో తెలియకపోతే పన్నెండేళ్ల వయసులో దేనికి అన్నం మానేసేవారో గుర్తుచేసుకోండి. బొమ్మలా, క్యారమ్సా, స్టాంపులా, మొక్కలా. పదేళ్ల ఉద్యోగం తర్వాత కూడా మనిషి ఇష్టాలు పెద్దగా మారవు. ఇంకో మాట. అభిరుచిని వెంటనే యూట్యూబ్ ఛానల్‌గానో, అదనపు ఆదాయంగానో మార్చాలన్న తొందర వద్దు. దానికీ గడువులు, లెక్కలు మొదలైతే అది రెండో ఉద్యోగం అవుతుంది.

ఉమ్మడి అభిరుచికి ప్రయాణంలో వెంట వచ్చేదాన్ని ఎంచుకోండి. పక్షుల్ని చూడటం అన్నిటికంటే నాకిష్టం. ఒక బైనాక్యులర్, ఒక నోటుపుస్తకం చాలు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్యలోనే గూళ్లు కట్టుకుంటాయి. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టుకు గూడబాతులు, పులికాట్ సరస్సుకు రాజహంసలు (ఫ్లెమింగోలు) చలికాలంలో వస్తాయి. పక్షుల్ని చూడాలంటే తెల్లవారుజామున లేవాలి, మాట్లాడకుండా కూర్చోవాలి. ఇంట్లో ఎంత చెప్పినా నేర్వని ఈ రెండూ పిల్లలు చెరువు గట్టున తమంతట తామే నేర్చుకుంటారు. బొమ్మలు గీయడం, నాణేలు సేకరించడం, ఊరూరి టిఫిన్ల రుచులు రాసుకోవడం కూడా మంచివే.

ఏడో అడుగు: ప్రయాణాన్ని చిన్నగా, నిండుగా వేయండి

టికెట్ల నుంచి మొదలుపెడదాం. రైలు ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజులు కాదు, 60 రోజులే. ప్రయాణ తేదీని వదిలి లెక్కపెట్టాలి. జనవరి 12న ఊరికి బయల్దేరాలంటే నవంబరు 13న ఉదయం 8 గంటలకు బుకింగ్ తెరుచుకుంటుంది. సంక్రాంతి టికెట్లు నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి నవంబరు 13ను ఏడాది కాగితం మీద ముందే రాసి, ఆ అరగంట ఏ మీటింగూ పెట్టుకోవద్దు. ప్రయాణికుల పేర్లు బుకింగ్ ఖాతాలోని మాస్టర్ లిస్టులో ముందురోజే ఎక్కించి ఉంచండి.

జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉంటే వాడుకోండి. నాలుగేళ్ల బ్లాకులో రెండు ప్రయాణాలకు పన్ను మినహాయింపు ఉంటుంది. 2026 నుంచి 2029 వరకూ ఒక బ్లాకు. దేశంలో తిరగడానికైన ఛార్జీలకే వర్తిస్తుంది, హోటలుకూ భోజనాలకూ వర్తించదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే ఇది. టికెట్లు, బోర్డింగ్ పాసులు దాచిపెట్టండి. జ్ఞాపకాల పుస్తకానికీ అవే పనికొస్తాయి.

ఇక చోట్లు. రెండు రోజులకు ఒకటే ముఖ్యమైన చోటు, దారిలో ఒకటో రెండో చిన్నవి. హైదరాబాద్ నుంచి రామప్పకు ఇలా వేసుకోవచ్చు: శనివారం తెల్లవారుజామున బయల్దేరి హనుమకొండలో టిఫిన్, వేయిస్తంభాల గుడి, వరంగల్ కోటలో కీర్తితోరణాలు, సాయంత్రానికి లక్నవరం చెరువు. రాత్రి అక్కడే బస. ఆదివారం ఉదయం ఎండ ముదరకముందే పాలంపేటలో రామప్ప గుడి. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. చూరు కింద నల్లరాతి మదనికల (స్త్రీమూర్తుల శిల్పాల) నగల సన్నదనం చూడటానికి గైడు చెప్పే ఇరవై నిమిషాలు సరిపోవు. పిల్లల చేతికి పెన్సిలు, కాగితం ఇచ్చి "ఒక్క బొమ్మ ఎంచుకుని గీయండి" అనండి. గంట కూర్చుంటారు. మీరూ కూర్చోండి.

రాయలసీమ వైపు మూడు రోజులు దొరికితే గండికోట, బెలుం గుహలు కలిపి చూడవచ్చు. పెన్నా నది కొండను కోసుకుంటూ పోయిన లోయ అంచున గండికోట. కోట లోపలే మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, పెద్ద ధాన్యాగారం పక్కపక్కన ఉంటాయి. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు 3 కిలోమీటర్ల పైచిలుకు పొడవు. అందులో సగం దాకా సందర్శకుల్ని వెళ్లనిస్తారు. లోపల ఉక్కపోత ఎక్కువ, గుండె జబ్బున్న పెద్దవాళ్లు బయట ఉండటం మేలు. గండికోట లోయ అంచున కంచె లేని చోట్లున్నాయి, చిన్నపిల్లల చెయ్యి వదలకండి.

పెద్దవాళ్లు వెంట ఉంటే అరకు బాగుంటుంది, అదీ రైల్లో. విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలు కొండల్లో సొరంగాలు దాటుకుంటూ పోతుంది. 2017 నుంచి ఆ దారిలో అద్దాల బోగీ కూడా ఉంది. ఘాట్ రోడ్డు మీద కారులో కళ్లు తిరిగేవాళ్లకు రైలే సుఖం. హైదరాబాద్ నుంచి రాత్రి రైల్లో విశాఖ చేరి అదే ఉదయం అరకు రైలు ఎక్కాలనుకోవద్దు. ఒక గంట ఆలస్యమైనా రోజంతా చెడుతుంది. విశాఖలో ఒక రాత్రి ఉండి సముద్రం చూసి బయల్దేరండి.

చిన్న జాగ్రత్తలు కొన్ని. కేంద్ర పురావస్తు శాఖ నడిపే మ్యూజియంలు, హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం మూసి ఉంటాయి. దారి భోజనానికి పులిహోర కట్టుకుంటే మధ్యాహ్నం దాకా పాడవదు, పెరుగన్నం కంటే నమ్మకం. తిరుగు ప్రయాణం ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే మొదలుపెట్టండి. సోమవారం ఉదయం కాల్ ఉన్న ఇంటికి ఆదివారం సాయంత్రం తప్పనిసరి.

ఎనిమిదో అడుగు: జ్ఞాపకాన్ని వారంలోపు దాచండి

ప్రయాణం నుంచి వచ్చాక ఏడు రోజుల్లో చేయకపోతే ఈ పని ఇక జరగదు. వచ్చే శనివారం పూట దీనికి ముందే కేటాయించండి.

ఫోటోలను ఒక చోటికి చేర్చడం మొదటిది. ఇంట్లో మూడు ఫోన్లుంటే మూడింట్లోనూ ముక్కలు ముక్కలుగా ఉంటాయి. వాట్సాప్‌లో పంపించుకుంటే ఫోటో నాణ్యత తగ్గుతుంది, ఎప్పుడు తీశారో ఎక్కడ తీశారో చెప్పే సమాచారమూ పోతుంది. కేబుల్‌తోనో, షేర్డ్ ఆల్బమ్‌తోనో చేర్చండి. వాట్సాపే గతి అయితే డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫోల్డరుకు తేదీతో మొదలయ్యే పేరు పెట్టండి: "2026-01-రామప్ప" లాగా. ఏడాది, నెల ముందుంటే వందల ఫోల్డర్లున్నా వరుస తప్పవు. తెలుగు పేరు కంప్యూటర్‌లోనైనా క్లౌడ్‌లోనైనా చక్కగా పనిచేస్తుంది.

రెండోది తీసేయడం. ఇదే కష్టం, ఇదే అసలు పని. మసకగా వచ్చినవి, ఒకే భంగిమలో పదిసార్లు తీసినవి తీసేయండి. తర్వాత ఆ ప్రయాణానికి 24 ఫోటోలు మాత్రం ఎంచి "ముఖ్యం" అన్న ఫోల్డరులో పెట్టండి. గుడి గోపురం ఫోటోలు ఇంటర్నెట్‌లో వేలకొద్దీ ఉన్నాయి. గోపురం కింద చెప్పులు విప్పుతున్న తాతయ్య ఫోటో మీ దగ్గర మాత్రమే ఉంటుంది. ఎంచేటప్పుడు మనుషులున్నవాటికి, పనిలో ఉన్న చేతులకు, తిన్న ఆకులకు, ఎక్కిన బస్సుకు చోటివ్వండి.

మూడోది రాయడం. పదేళ్ల తర్వాత ఫోటోలో మొహాలుంటాయి, మాటలుండవు. అందుకని ఒక నోటుపుస్తకంలో ప్రయాణానికి రెండు పేజీలు: ఎవరెవరు వెళ్లారు, ఎక్కడ పడుకున్నారు, ఏది తిన్నారు, ఎంతయింది, ఎవరు ఏమన్నారు. ప్రతి ఒక్కరూ రెండు మూడు వాక్యాలు సొంత చేతిరాతతో రాయాలి. రాయలేని చిన్నపిల్లలు చెప్పింది చెప్పినట్టు రాయండి, వాళ్ల వ్యాకరణం సరిదిద్దకండి. టికెట్లు, గుడి రసీదు, పిల్లలు గీసిన మదనిక బొమ్మ అక్కడే అతికించండి.

నాలుగోది గొంతులు. మా ఇంట్లో అన్నిటికంటే విలువైనవిగా దాచుకునేవి ఇవే. ప్రయాణంలో పెద్దవాళ్లు పాత సంగతులు తామంతట తాము మొదలుపెడతారు. రైలు కిటికీ పక్కన కూర్చున్నప్పుడు మరీను. అడిగి, ఒప్పుకుంటే, ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టండి. వీడియో అయితే మనిషి బిగుసుకుంటారు. గొంతు మాత్రమే అయితే ఐదు నిమిషాల్లో ఫోన్ సంగతి మరిచిపోతారు. "మీ చిన్నప్పుడు ఈ ఊరికి ఎలా వచ్చేవారు?", "అప్పట్లో దారి భోజనం ఏం కట్టేవారు?" అని అడగండి. ఫైలుకు పేరు, తేదీ, ఏ సంగతో రాసి పెట్టండి. ఉదాహరణకు "అమ్మమ్మ-పుష్కరాలకి ఎడ్లబండి".

ఐదోది భద్రం చేయడం. గూగుల్ ఫోటోస్‌లో అపరిమితంగా ఉచితంగా దాచుకునే వీలు 2021 జూన్ 1తో ముగిసింది. ఇప్పుడు ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ సర్దుకోవాలి. ఆఫీసులో డేటాబేస్‌కు బ్యాకప్ లేకపోతే నిద్రపట్టని మనం ఇంటి ఫోటోలను ఒక్క ఫోన్‌లో ఉంచుతున్నాం. అదే 3-2-1 నియమం ఇక్కడా పాటించండి: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటికి బయట. కంప్యూటర్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. లేదా రెండో హార్డ్ డిస్కును ఊళ్లో అమ్మానాన్నల బీరువాలో ఉంచి, ప్రతి సంక్రాంతికీ కొత్తదానితో మార్చండి. ఆరు నెలలకోసారి హార్డ్ డిస్కు పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మలేం. ఫోన్‌లో 4కె వీడియో నిమిషానికి వందల మెగాబైట్లు తింటుంది, ఇంటి వీడియోలకు 1080పీ చాలు.

క్లౌడ్ ఖాతా ఒక్కరి పేరు మీదే ఉంటే, పాస్‌వర్డ్ ఇంకొకరికి తెలిసేలా కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఖాతా పోయినా, మనిషికి ఏమైనా, జ్ఞాపకాలు అందరికీ అందాలి.

చివరిది అచ్చు వేయించడం. ఎంచిన 24 ఫోటోలను 4x6 అంగుళాల సైజులో కడిగించి ఆల్బమ్‌లో పెట్టండి. ఊళ్లో పెద్దవాళ్లకు ఒక కాపీ పంపండి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోను వాళ్లు ఒక్కసారి చూసి జరిపేస్తారు. ఆల్బమ్ అయితే ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చూపిస్తారు.

తొమ్మిదో అడుగు: కాగితం చెదిరే నెలలకు

పెద్ద రిలీజ్, పిల్లల బోర్డు పరీక్షలు, ఇంట్లో ఆసుపత్రి పని, ఉద్యోగం మారడం. ఏడాదిలో ఒకటి రెండు నెలలు ఇలా వస్తాయి. ఆ నెలల్లో అన్నీ కొనసాగించాలని చూడకండి. మూడే ఉంచండి: రోజూ ఒక పూట కలిసి భోజనం, పెద్దవాళ్లకు వారానికో ఫోను, సొంత అభిరుచికి రోజుకు పది నిమిషాలు. మిగతావన్నీ ఆపేశామని ఇంట్లో అందరికీ పైకే చెప్పండి, పిల్లలకు కూడా: "నాన్నకు 28 దాకా పని ఎక్కువ. 29 ఆదివారం ఉప్పలపాడు వెళ్తున్నాం." ముగింపు తేదీ తెలిసిన పిల్లలు ఓపిక పడతారు. తేదీ చెప్పకుండా "తర్వాత చూద్దాం" అంటే నమ్మడం మానేస్తారు.

వాయిదా వేసిన ప్రయాణాన్ని కాగితం మీద కొట్టేయవద్దు. బాణం గుర్తు వేసి కొత్త తేదీ దగ్గరికి చేర్చండి. వారాంతాల్లో పనిచేసి ఉంటే కాంప్ ఆఫ్ (దానికి బదులు సెలవు) అడిగి, రిలీజ్ అయిన పది రోజుల్లోపే వాడుకోండి, ఆలస్యమైతే అది తర్వాతి స్ప్రింట్‌లో, అంటే తర్వాతి విడత పనిలో, కలిసిపోతుంది. అలాంటి నెల మూడు నెలలుగా సాగుతూ, ఏ బాణానికీ తేదీ దొరకని పరిస్థితి వస్తే ఇంట్లో సర్దుబాట్లు ఆపండి. మొదటి అడుగులో రాసిన వారం కాగితాన్ని మళ్లీ రాసి, రాత్రి 9 తర్వాత పనిచేసిన గంటలను విడిగా కూడి, ఆ అంకెతో మేనేజర్ దగ్గర కూర్చోండి. టీమ్ మారడమో, పాత్ర మారడమో, ఇంకో కంపెనీ చూసుకోవడమో ఆ తర్వాత మీ ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవచ్చు.